చివరి వాక్యం మాత్రం నిజం

పేరు పిలిచేదాకా ఇక్కడ కూర్చో అన్నారు, కూర్చున్నాడు. ఇరవై రెండు నెలలుగా ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చుంటూనే ఉన్నాడు, అందులో కొత్త లేదు, కాని ఈ బెంచీకి వెనక ఆనుకునే చెక్క ఉంది, దానికి వీపు ఆనించడానికి ఎందుకో మొహమాటంగా ఉంది, ఎవరిదో వస్తువు అడగకుండా వాడుకుంటున్నట్టు. విడుదలయ్యేవాళ్ళని కూర్చోబెట్టే గది ఇది. ఒక బెంచీ, ఒక టేబులు, టేబులు వెనక రిటైర్మెంటుకి దగ్గరపడ్డ గుమాస్తా, గోడకి గడియారం. తొమ్మిదీ పది. పదింటికి గేటు తీస్తారు. ఏడింటి నుంచి గేటు బయట అక్క నిలబడి ఉందని కాపలావాడు చెప్పాడు. ఎండా లేదు వానా లేదు, అయినా గొడుగు విప్పుకొని నిలబడిందట, చెప్తూ నవ్వాడు. అక్క అంతే. ఏదీ ముంచుకు రాకముందే గొడుగు విప్పుతుంది. చిన్నప్పుడు తనకి దగ్గు మొదలవకముందే మందు పట్టేది, పరీక్ష తప్పకముందే ట్యూషను పెట్టించేది. అమ్మ పోయాక తనని పెంచింది ఆ తొందరే. చివరికి ఇక్కడికి తెచ్చిందీ ఆ తొందరే. వద్దు, ఆ దారిన ఇప్పుడు పోవద్దు, ఇంకా యాభై నిమిషాలుంది.

పట్టుబడిన రోజు వేసుకున్న చొక్కానే తిరిగి ఇచ్చారు. అందులోంచి ఒక మనిషి దిగిపోయినట్టుంది, భుజాల కుట్లు మోచేతుల వైపు జారుతున్నాయి. ఇన్నాళ్ళూ సంచిలో కట్టిపడేసినందుకు పురుగుల మందు వాసన. కాని కాలరు లోపలి అంచున, ముక్కు బాగా దగ్గర పెడితే, దాని కింద ఇంకో వాసన, గ్రీజు వాసన, ఛ, ఎక్కడి గ్రీజు, ఇన్నాళ్ళుంటుందా. లిఫ్టు మెకానిక్కు చేతులు ఎంత తోమినా ఆ వాసన పోయేది కాదు. గోళ్ళ చుట్టూ సన్నని నల్లగీత ఉండేది, కాటుక దిద్దినట్టు. అతను మొదటిసారి దుకాణానికి వచ్చింది దూరం మసకగా ఉందని. తను అప్పటికి రెండేళ్ళుగా కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పనిలో ఉన్నాడు. ఆ రోజు కళ్ళు పరీక్షించే ఆయన రాలేదు, తనే కూర్చోబెట్టి ఫ్రేములో ఒక్కో అద్దం మారుస్తూ, ఇది బాగుందా, ఇది బాగుందా, ఏది బాగా కనిపిస్తోంది అని అడిగాడు. "మీరే," అన్నాడు మెకానిక్కు. అన్నాక ఇద్దరూ నేల చూశారు. 'మీరు' అన్న మాట 'నువ్వు' కావడానికి ఎనిమిది నెలలు పట్టింది. దుకాణం పైన తను అద్దెకున్న గదిలో, గురువారాలు మధ్యాహ్నం సెలవు గనక, కిటికీ రెక్క ఒకటి మూసి ఒకటి తెరిచి. అతను లిఫ్టుల గురించి చెప్పేవాడు. లిఫ్టు తాడు తెగి మనిషి పడిపోడు, తాడు తెగినా పట్టుకునే దవడలు కింద వేరే ఉంటాయి, జనానికి తెలియక భయపడతారు అనేవాడు. తను నమ్మాడు. కింద పట్టుకునేవి ఉంటాయనే నమ్మాడు.

కోర్టులో మెకానిక్కు కొత్త తెల్లచొక్కా వేసుకొచ్చాడు. బోను కమ్మీ వైపే చూస్తూ చెప్పాడు, "వాడెవరో నాకు సరిగా తెలియదండీ. కళ్ళద్దాల కోసం వెళ్ళాను. వాడే నా వెంటబడ్డాడు." మూడేళ్ళలో ఆ నోట 'వాడు' అన్న మాట తన గురించి రావడం అదే మొదలు. న్యాయమూర్తి అడిగినవేవీ తనకు వినపడలేదు, ఆ 'వాడు' ఒక్కటే చెవిలో గింగిరాలు తిరిగింది, ఎవరి గురించి చెప్తున్నాడు, ఆ వెంటబడ్డవాడెవడు, వాణ్ణి నాకూ చూపించండి అనాలనిపించింది. మెకానిక్కుని వదిలేశారు. తనకి రెండేళ్ళు. బయటికి తీసుకెళ్తుంటే మెట్ల మీద ఎదురుపడ్డాడు, పక్కకి తప్పుకొని దారి ఇచ్చాడు, మర్యాదగా, దుకాణానికి వచ్చిన కొత్త మనిషిలా. దారి ఇవ్వకుండా ఒక్క క్షణం అడ్డం నిలబడినా ఏదో మిగిలేది.

ఇక్కడికి వచ్చిన రోజు బ్యారక్ గుమ్మంలో నిలబెట్టి వార్డరు కాగితం చదివాడు. పేరు మెల్లిగా చదివి నేరం గట్టిగా చదివాడు, మగవాడితో మగవాడు అని, అరవై మంది వినేటట్టు. ఆ సాయంత్రం నుంచి తన పళ్ళెం వేరు, తన నీళ్ళ చెంబు వేరు, తను పడుకునే చోటు దొడ్డి గుమ్మం పక్క. పగలు పళ్ళెం ముట్టని చేతులే కొన్ని వేరే వేళల్లో మీదికి రాబోయేవి, వాటి సంగతి ఎవరికీ చెప్పలేదు, చెప్తే వినేవాళ్ళూ ఆ చేతుల వాళ్ళే. మొదటి నెల గోడకి వీపు పెట్టి కూర్చునే నిద్రపోయాడు. నడక మార్చుకున్నాడు. మాట్లాడేటప్పుడు చేతులు తిప్పడం మానుకున్నాడు, తన లాంటి వాళ్ళ మీద జోకులు వేస్తే అందరికంటే ముందు నవ్వడం నేర్చుకున్నాడు, నవ్వు ఆలస్యమైతే మనిషి దొరికిపోతాడు. బతికించింది మాత్రం అదేమీ కాదు. బ్యారక్‌లో అందరూ హడలే పెద్దాయన ఒకడుండేవాడు, యావజ్జీవం, చదివేది పాత పేపరే అయినా రోజూ చదవకపోతే ఉండలేడు. ఆయన కళ్ళజోడు కాడ విరిగితే తను చెంచా కాడ అరగదీసి, దారం చుట్టి, రెండు రోజుల్లో నిలబెట్టాడు. ముక్కు మీద పెట్టుకొని పెద్దాయన పేపరు అటు తిప్పి ఇటు తిప్పి, "వీణ్ణి ఎవరూ ముట్టుకోకండిరా, నా కళ్ళు వీడి దగ్గరున్నాయి," అన్నాడు. ఆ తర్వాత వరస కట్టారు. నలభై దాటిన ప్రతివాడికీ తన అవసరం వచ్చింది. స్టోరు గది మూల ఒక చిన్న బల్ల ఇచ్చారు, ఆకురాయి ఇచ్చారు, కళ్ళద్దాలు అనే పేరిచ్చారు. తనని కాపాడింది జాలీ కాదు, న్యాయమూ కాదు, చత్వారం. ఈ మాట ఎవరితోనైనా చెప్పి నవ్వాలనిపించేది. అక్కతో చెప్తే నవ్వేది. అక్క నవ్వితే ఎక్కిళ్ళు వచ్చేవి.

గుమాస్తా కలం విదిలించాడు. తొమ్మిదిన్నర. కాగితాల దొంతర చాలా సన్నగా ఉంది, తన ఇరవై రెండు నెలలూ అంతేనా.

ఏడో నెలలో అక్క వచ్చినప్పుడు మధ్యలో రెండు వరసల ఇనప జాలీ, ఇటు పన్నెండు మంది అటు పన్నెండు మంది, అందరూ అరుస్తుంటే ఎవరి మాట ఎవరిదో తెలియదు. అక్క అరవలేదు. ఆసుపత్రిలో చీటీలు రాసే చోట ఇరవయ్యేళ్ళుగా కూర్చుంది, రోగుల పేర్లు మెల్లిగా అడగడం అలవాటు. జాలీకి నోరు ఆనించి చెప్పింది. ఆ గురువారం నీకు జ్వరంగా ఉందని దుకాణంలో ఎవరో చెప్తే పైకి వచ్చానురా, తలుపు సందులోంచి చూశాను, మెట్లు దిగిపోయాను. మీ బావతో చెప్పకుండా ఉండలేకపోయాను. మీ బావ పోలీసులకి కాగితం రాశాడు, నన్ను కింద సంతకం పెట్టమన్నాడు, రక్తసంబంధం వాళ్ళు పెడితేనే పట్టించుకుంటారట. "నాలుగు తిట్టి, భయపెట్టి పంపిస్తారనుకున్నాం రా. జైలు అనుకోలేదు." అంతసేపూ తను వాచీ గురించి ఆలోచించాడు, అక్క చేతికి కొత్త వాచీ ఉంది, పాతది ఏమైందో. ఆ పట్టీ వదులు, ఒక కన్నం వేయాలి, తనైతే ఒక్క నిమిషంలో వేసేవాడు. అప్పుడు గంట కొట్టారు. ఆ తర్వాత పదిహేను నెలల్లో పదిహేనుసార్లు వచ్చింది. పదిహేనుసార్లూ రానని చెప్పించాడు. సబ్బు, తువాలు లోపలికి పంపేది. సబ్బు వాడుకున్నాడు. కోపం మనిషి మీద గాని సబ్బు మీద ఎందుకు. అయినా ఆ నురగ ఒంటిమీద నిలిచినంతసేపూ అక్కే నిలబెట్టి స్నానం చేయిస్తున్నట్టుండి ఒళ్ళు మండిపోయేది. మెకానిక్కు అబద్ధం చెప్పాడు, పరాయివాడు, ప్రాణభయం. అక్క రాసింది నిజం. నిజం చెప్పి కూడా మనిషిని అమ్మెయ్యొచ్చని తనకి నేర్పింది అక్క.

ఆ కోపంలో ఉన్నప్పుడే ఈల వచ్చాడు. లాండ్రీలో పని, ఇరవై ఆరేళ్ళు, యజమాని కారు అడగకుండా తీసుకెళ్ళి గోడకి గుద్దిన నేరం. ముందు పళ్ళ సందులోంచి సన్నగా ఈల వేస్తూ బట్టలు పిండేవాడు, ఆ పేరే స్థిరపడింది. ఉద్యోగులు కళ్ళజోళ్ళు జేబులో మరిచిపోయి చొక్కాలు లాండ్రీకి వేసేవాళ్ళు, అవి మరిగే నీళ్ళలో వంకర తిరిగేవి, వాటిని పట్టుకొని ఈల స్టోరు గదికి వచ్చేవాడు. "ఇది చూడు, సూపరింటెండెంటు గారి కన్ను మెల్లకన్ను అయిపోయింది," అని బల్ల మీద పెట్టాడు మొదటిరోజు. పద్నాలుగు నెలల తర్వాత తనకి ఉత్తినే నవ్వు వచ్చింది, తొందరపడి తెచ్చిపెట్టుకున్నది కాదు, వచ్చేసింది. ఆ తర్వాత జోడు బాగుచేసి ఇచ్చేటప్పుడు డబ్బాలో చిన్న కాగితం మడిచి పెట్టింది తనే. కుడి అద్దం కొంచెం వదులు, మళ్ళీ నువ్వే తీసుకురా అని రాశాడు. రెండు రోజులకి ఉతికి వచ్చిన తన చొక్కా జేబులో జవాబు. ఈ వారం నీ చొక్కా రెండుసార్లు ఇస్త్రీ చేశాను, చెయ్యి అక్కడే ఉండిపోయింది. అంతే, చేతులు కూడా పట్టుకోలేదు వాళ్ళు, బల్లకి ఇటూ అటూ కూర్చుని ఒక స్క్రూ కోసం వెతుకుతున్నట్టు పది నిమిషాలు ఉండేవాళ్ళు. స్క్రూ ఎప్పుడూ తన గుప్పిట్లోనే ఉండేది. పదకొండు చీటీలు. చదివినవి చదివినట్టు నమిలి మింగేవాడు. తను రాసినవి ఈల బాయిలరు కింద వేసేవాడు. ఒక్కటి మాత్రం మింగబుద్ధి కాలేదు, పరుపు కుట్టులో దాచాడు. అదే సోదాలో దొరికింది.

ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టారు. అధికారి చీటీని గోటితో పట్టుకున్నాడు, తడిబట్ట పట్టుకున్నట్టు. నెలల లెక్క తన తలలో ఉంది, మంచి నడతకి రెండు నెలల తగ్గింపు, ఇంకా నాలుగు నెలలే. పెద్దాయన్ని వేరే జైలుకి మార్చేశారు, మళ్ళీ ఆ దొడ్డి గుమ్మం, ఆ చేతులు. నోరు తెరిచాడు. "వాడెవరో నాకు సరిగా తెలియదండీ," అన్నాడు. "వాడే నా వెంటబడ్డాడు." అంటుండగానే తెలిసింది అవి ఎవరి మాటలో, కమ్మీ వైపు చూస్తూ చెప్పిన మాటలు, ఒక్క అక్షరం తేడా లేదు, ఇన్నాళ్ళూ నాలుక కింద దాచుకున్నట్టు నున్నగా వచ్చాయి. ఈల తల తిప్పి చూశాడు. కోపం లేదు, ఆశ్చర్యం కూడా లేదు, కొంచెం దూరంగా ఉన్న బోర్డు చదవడానికి ప్రయత్నిస్తున్నవాడి చూపు. "అవును సార్, నేనే," అన్నాడు. ఈలకి ఆరు నెలల తగ్గింపు కొట్టేశారు, వెనక బ్లాకులో ఒంటరి గదిలో వేశారు. ఈ నాలుగు నెలలూ ఉతికిన చొక్కా వచ్చిన ప్రతిసారీ జేబులో వేలు పెట్టి చూశాడు. ఇస్త్రీ కూడా సరిగా ఉండేది కాదు.

"ఇలా రా," అన్నాడు గుమాస్తా.

వెళ్ళి టేబులు ముందు నిలబడ్డాడు. ఫారం ఆఖరి గడి మీద కలం ఆగింది. లోపల ఉన్న కాలం గురించి చెప్పుకునేది ఏమైనా ఉందా. గుమాస్తా అడగనైనా అడగకుండా 'లే' అని రాయడం మొదలుపెట్టాడు.

"ఉంది సార్."

ఆ మాట అంటానని గదిలోకి వచ్చేటప్పుడు తనకే తెలియదు. గుమాస్తా కళ్ళజోడు పైకి నెట్టుకున్నాడు. ఎడమ కాడ తను వేసిన అతుకే.

"లాండ్రీ వాడి సంగతేగా?"

"అవును సార్."

"ఆగు." గుమాస్తా తలుపు వైపు చూసి, సొరుగు లాగి, నాలుగు మడతల కాగితం తీశాడు. "పోయిన వారం వచ్చింది. పైకి పంపలేదు. పంపితే విచారణ అంటారు, నీకు ఇవాళ గేటు లేదు. నా కళ్ళు బాగుచేశావు, ఆ మాత్రం చేద్దామనుకున్నాను. చదివి చింపెయ్. నువ్వు ఒప్పుకోకపోతే ఇది చెల్లదు, చింపితే అసలు లేనట్టే."

ఈల చేతిరాత. చీటీల్లో గుండ్రంగా ఉండే అక్షరాలు ఇక్కడ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. వాడెవరో నాకు సరిగా తెలియదు. వాడే నా వెంటబడ్డాడు. మొదటి చీటీ రాసింది వాడే. కింద సంతకం. తను ఒక్కసారి చదివాడు, మళ్ళీ చదివాడు, మూడోసారి అక్షరాలు కదిలాయి. నువ్వు కూడానా. నువ్వు రాయవనుకున్నాను, అవును సార్ నేనే అన్నవాడివి, నిన్ను గోతిలో తోసినా నువ్వు అక్కడే చల్లగా ఉండి నన్ను ప్రేమిస్తూ ఉంటావనుకున్నాను, ఎంత సిగ్గులేని ఆశ. చింపెయ్, చింపి గేటు దాటు, వాడికీ నీకూ చెల్లుకి చెల్లు. వేళ్ళు కాగితం అంచు మీదికి వెళ్ళాయి కూడా. మరి మాటలు ఎందుకు అవే. మెకానిక్కు మాటలు తను దొంగిలించాడు సరే, ఈలకి ఎలా వచ్చాయి, తన నోటి నుంచి విని అప్పజెప్పాడా. అప్పుడు గుర్తొచ్చింది, ఆ రోజు అధికారే ముందుగా అడిగాడు, వాడెవరో నీకు సరిగా తెలియదు కదా, వాడే నీ వెంటబడ్డాడు కదా అని, పసిపిల్లకి ముద్ద పెట్టినట్టు నోటి దాకా తెచ్చాడు, తను మింగాడు. మెకానిక్కుకీ ఎవరో అలాగే పెట్టి ఉంటారు, ఏ లాకప్పులోనో, తెల్లచొక్కా కొనకముందు. ఆ రెండు వాక్యాలూ వాళ్ళవి, ముందే వండి ఉంచినవి, ఎవరొచ్చినా అవే వడ్డిస్తారు. అంతమాత్రాన నోరు తెరిచినవాడి తప్పు పోతుందా, పోదు, మెకానిక్కుదీ పోదు, తనదీ పోదు, ఈలదీ పోదు. కాని మూడో వాక్యం ఎవరూ పెట్టింది కాదు. మొదటి చీటీ ఎవరు రాశారో ఈ లోకంలో ఇద్దరికే తెలుసు. నాలుగు నెలల ఒంటరి గది తర్వాత ఈల బయటపెట్టింది ఆ ఒక్కటీ, అతని దగ్గర మిగిలిన ఒకే ఒక్క నిజం, అదీ తనని పట్టివ్వడానికి. ఒళ్ళు మండింది. ఆ మంట కిందనే, ఎంత అణుచుకున్నా, చాలా సన్నగా ఇంకోటి, మరిచిపోలేదు అన్నమాట, మొదటి చీటీ ఎవరిదో మరిచిపోలేదు.

"కలం ఇవ్వండి సార్."

ఈల సంతకం కింద రాశాడు. మొదటి రెండు వాక్యాలు అబద్ధం. చివరి వాక్యం మాత్రం నిజం. అంతకుముందు నేను చెప్పింది అబద్ధం. సంతకం పెట్టి కాగితం తిప్పి గుమాస్తా వైపు జరిపాడు.

గుమాస్తా చదివి కళ్ళజోడు తీసి టేబులు మీద పెట్టాడు. "వాడు నీకేం మేలు చేశాడని?" అన్నాడు.

"ఏం చేయలేదు సార్."

"తగ్గింపు పోతుంది. రెండు నెలలు. ఆ బ్యారక్‌లోనే."

"తెలుసు సార్." వెనక్కి వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు. గోడకి వీపు పెట్టి కూర్చుని నిద్రపోవడం ఇంకా వచ్చో రాదో.

"మరి బయట ఆవిడకి ఏం చెప్పమంటావు? మూడు గంటల నుంచి నిలబడి ఉంది."

నిజంగానే పదైంది. కాపలావాడితో ఎప్పటిలా రాడని చెప్పించేయొచ్చు, పదహారోసారి. "లోపలికి పిలవండి," అన్నాడు.

అక్క గొడుగు మడవడం మరిచిపోయి గుమ్మంలో ఇరుక్కుంది. కాపలావాడు మడిచి ఇచ్చాడు. జుట్టు ముందువైపు తెల్లబడింది, రంగు వేసుకోవడం మానేసినట్టుంది. జాలీ లేకుండా చూడటం రెండేళ్ళలో ఇదే మొదలు, అక్క ఇంత పొట్టిదా అనిపించింది. పక్కన కూర్చుంది, ముట్టుకోలేదు, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "చిక్కిపోయావు," అంది. అతను చొక్కా భుజం పైకి లాక్కున్నాడు. "మీ బావకి చెప్పలేదు వస్తున్నట్టు. గది ఒకటి చూశాను, ఆసుపత్రి దగ్గరలో. నీకు నువ్వు ఉండొచ్చు. ఎవరొచ్చినా నేను అడగను."

"ఇవాళ రావడం లేదక్కా. ఇంకో రెండు నెలలు."

"అదేంట్రా, ఇవాళే అని కాగితం వచ్చింది." గుమాస్తా వైపు చూసింది, ఆయన ముఖం దించుకున్నాడు. అక్కకి ఏదీ ఎక్కువసేపు దాగదు, గొంతు తగ్గించింది. "ఏం చేశావు?"

"ఒకడి మీద పడ్డ తప్పు నాదని రాసిచ్చాను."

"ఎవడి కోసం రా, చేతికొచ్చిన గేటు వదులుకున్నావు? ఎవడు వాడు?"

ఆలోచించాడు. ఈల గురించి అక్కకి చెప్పగలిగే మాట ఏదో వెతికాడు, దొరికింది ఒక్కటే.

"నా మీద సంతకం పెట్టినవాడు," అన్నాడు.

అక్క తల ఒక్కసారిగా వంగిపోయింది. తన సంతకాన్నే ఎత్తిపొడిచాడనుకుంది. కాదని చెప్పడానికి నోరు తెరిచాడు, అక్క భుజాలు కదలడం చూశాడు, ఊరుకున్నాడు.